తెనాలికి వచ్చిన అరకు గులాబీలు

నా చిన్నప్పుడు, ఎనభైల్లో, మా నాన్నకు అరకు నుంచి తెనాలికి బదిలీ అయింది. నడి వేసవి. సామాను కంటే ముందు అమ్మ తన మొక్కలను లారీ ఎక్కించింది. కాపురానికి వచ్చినప్పటి నుంచి పెంచుకున్న గులాబీలు, డాలియా దుంపలు, గుత్తులుగా నీలం పూలు పూసే కొండ మొక్క ఒకటి. వేళ్లతో సహా తవ్వి, తడి గోనెలు చుట్టి, దారి పొడవునా నీళ్లు చిలకరిస్తూ తెచ్చింది.

అరకు చలికి మొక్కలను ఎండ తగిలే చోటే పెట్టేవాళ్లం. అమ్మ ఇక్కడా అలాగే కుండీల్లో నాటి నడివాకిట్లో వరసగా పెట్టింది. వారం తిరక్కుండానే ఆకులు అప్పడాల్లా ఎండిపోయాయి. కంగారుపడి పూటపూటా నీళ్లు పోసేసరికి డాలియా దుంపలు కుళ్లిపోయాయి.

నా సంగతీ అంతే. ఒళ్లంతా చెమటకాయలు. వచ్చిన మర్నాడే వీధిలో పిల్లల దగ్గరికి వెళ్లి "ఏటాడతన్నారు?" అని అడిగాను. అది మా వైపు మాట. వాళ్లు పడీపడీ నవ్వి, నాకు 'ఏటి పిల్ల' అని పేరు పెట్టారు. ఆ తర్వాత నేను గుమ్మం దాటలేదు. అరకు వెళ్లిపోదామని అమ్మ ప్రాణం తీసేదాన్ని.

ఒక సాయంత్రం పక్కింటి అక్క గోడ మీదుగా మా మొక్కలను చూసి లోపలికి వచ్చింది. కొత్తగా పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన మనిషి.

"ఏంటొదినా, చల్లటి చోట పెరిగినవాటిని తెచ్చి ఎండలో నిలబెడితే ఎలాగండి?" అంది.

ఎండుకొమ్మలు కత్తిరించి, కుండీలను నూతి పక్కన సొరపందిరి కిందికి చేర్పించింది. మన్ను పొడిబారితేనే నీళ్లు పోయమంది. చిగుళ్లు వేశాక రోజుకు జానెడు చొప్పున ఎండలోకి జరపాలట, వాటికి తెలియకుండా. అలా చెబుతూ మధ్యలో ఒకసారి నావైపు చూసింది.

"వదినా, ఈ పిల్లని నాకు సాయం ఇవ్వండి."

మర్నాటి నుంచి నాకు పనులు మొదలయ్యాయి. మొదట వాళ్లింటి అరుగు మీది తట్ట తేవడం. తర్వాత ఎదురింటి మామ్మగారిని అడిగి పొయ్యి బూడిద తేవడం. ఆవిడ బూడిదతో పాటు చేతిలో జంతిక పెట్టి పంపింది. కొన్నాళ్లకు వీధి చివర గేదెలున్న ఇంటి నుంచి మాగిన ఎరువు తెమ్మంది అక్క.

"నేనెల్లనక్కా. నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. మొక్క చచ్చిపోతే ఏడ్చేది నువ్వేగా."

వెళ్లాను. తట్ట నాకు బరువైంది. ఆ ఇంటి పిల్లలిద్దరూ చెరో వైపు పట్టి మా వాకిటి దాకా మోశారు. నాకు పేరు పెట్టింది వాళ్లే. మోడుల మీద ఎర్రటి చిగుళ్లు చూసి, రేపు కూడా వస్తామన్నారు.

నీలం పూల మొక్క బతకలేదు. గులాబీలు బతికాయి. వానలు పడి బడులు తెరిచేనాటికి కుండీలు నడివాకిట్లోకి చేరాయి. నేనైతే అమ్మ అన్నానికి పిలిచినా వీధిలోంచి వచ్చేదాన్ని కాదు. సగం వీధి 'ఏటి' అనడం కూడా మొదలుపెట్టింది.

మొదటి పువ్వు కోసుకుని అక్కకిద్దామని వాళ్ల పెరట్లోకి పరుగెత్తాను. అక్కడ గోడవారన మాగిన ఎరువు నా ఎత్తున కుప్ప పోసి ఉంది.

"మీ ఇంట్లోనే ఇంతుంటే నన్నంత దూరం పంపావేంటక్కా?"

అక్క పువ్వు జడలో తురుముకుంటూ నవ్వింది. "ఇక్కడ ఎరువే ఉందే పిచ్చిపిల్లా. అక్కడ పిల్లలున్నారు."

ఆ తర్వాత బాపట్లలో, రేపల్లెలో ఎన్నో అద్దె ఇళ్లు మారాను. ఎక్కడున్నా, మా వీధిలోకి ఎవరైనా కొత్తగా దిగితే, రెండు రోజులు ఆగి గిన్నె పట్టుకుని వెళ్లి తలుపు తడతాను. పాలు తోడు పెట్టుకోవాలి, కాస్త మజ్జిగ ఉందా అని అడుగుతాను. మా ఇంట్లో మజ్జిగ ఎప్పుడూ ఉంటుంది. ఆ సంగతి మాత్రం వాళ్లకు చెప్పను.