బోజొలే ద్రాక్షతోటలో అమ్మ భోజనం

లండన్ పక్కన క్రోయిడన్‌లో మా చిన్నప్పుడు... అమ్మ కూర్చుని అన్నం తినడం నేను చూడలేదు. ఆస్పత్రిలో నైట్ డ్యూటీ చేసి వచ్చేది. మమ్మల్ని బడికి పంపి, వంట ముగించి, వంటగట్టుకి ఆనుకుని నిలబడే తినేది. తపేలా అడుగున మిగిలిన అన్నంలోనే కూర కలుపుకుని నాలుగు ముద్దలు... తిన్నావా అంటే "ఆ, అయిందిలే" అనేది.

అమ్మ వార్డులో కామీ ఆంటీ అని ఒక ఫ్రెంచ్ నర్సు ఉండేది. వాళ్ళది ఫ్రాన్స్‌లో బోజొలే... కొండవాలు నిండా ద్రాక్షతోటలు, ఊరూరా వైన్ తయారీ. ఏటా సెప్టెంబర్‌లో కోతలకి సెలవు పెట్టి పుట్టింటికి వెళ్ళేది. ఒక ఏడాది మమ్మల్నీ రమ్మంది.

మా చర్చిలో వైన్ మాట ఎత్తితేనే ముఖాలు మాడ్చుకునేవాళ్ళు. అందుకని నాన్న, "పళ్ళు కోయడానికే వెళ్తున్నామండీ" అని పాస్టర్ గారికి ముందే చెప్పి కారు తీశారు. అమ్మ సెలవైతే పెట్టింది గానీ పులిహోర డబ్బా కట్టడం మానలేదు.

అక్కడ ద్రాక్షమొక్కలు మోకాలెత్తే ఉంటాయి. వంగి, చిన్న కత్తెరతో గుత్తికి గుత్తి కోయాలి. గింజ చితక్కూడదు, గుత్తులు అలాగే తొట్లో పోస్తారు. సాయంత్రానికి నా నడుం పట్టేసింది. అమ్మ మాత్రం "పేషెంట్లని లేపి కూర్చోబెట్టడం కన్నా ఇదే నయమే" అంది.

కోత ముగిసిన రోజు, ఆఖరి ట్రాక్టర్‌కి పూలకొమ్మలు కట్టి హారన్ కొట్టుకుంటూ తెచ్చారు. మధ్యాహ్నం షెడ్డులో పొడుగాటి బల్లలు వేసి విందు... దాన్ని రెవోల్ అంటారు. ఆ ఇంటి పద్ధతి ఏమిటంటే, కోసినవాళ్ళు కదలకూడదు. తోటవాళ్ళే వడ్డించాలి.

అమ్మ కుదురుగా కూర్చుంటేనా... ప్లేట్లు తీస్తానని లేస్తూనే ఉంది. కామీ ఆంటీ వాళ్ళమ్మ, బాగా పెద్దావిడ, భుజాల మీద చేతులు వేసి కూర్చోబెట్టి ఫ్రెంచ్‌లో ఏదో అంది.

"నువ్వు లేస్తే మాకు మర్యాద కాదంటోంది సుగుణా, కూర్చో" అని కామీ ఆంటీ ఇంగ్లీషులో చెప్పింది.

అంతకుముందు కోసిన పళ్ళ నుంచి అప్పుడే పిండిన రసం చిన్న గ్లాసుల్లో ఇచ్చారు. రసమే కదా అని అమ్మ తాగింది. "పానకంలా ఉందే" అని ఇంకో గ్లాసు కూడా పుచ్చుకుంది. అది అప్పటికే సగం పులిసిందని మాకెవరికీ తెలీదు... పాస్టర్ గారికైతే ఇప్పటికీ తెలీదు.

పొగలు కక్కే మాంసం కూర, రొట్టె, జున్ను... అమ్మ కడుపు నిండా తింది. తిని, ఆ గోలలోనే, కుర్చీలో తల వాల్చి నిద్రపోయింది.

నాన్నకి తల కొట్టేసినట్టయింది. "లేపవే అమ్మని... నలుగురిలో ఏంటిది" అన్నారు గొంతు తగ్గించి. నేను లేపబోతే ఆ పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. తన కోటు తెచ్చి అమ్మ మీద కప్పింది. పాడుతున్నవాళ్ళు పాట ఆపేసి మెల్లగా మాట్లాడుకున్నారు. ఇంట్లో రోజూ చూసే మాకు కనబడని అలసట, ముక్కూమొహం తెలియని వాళ్ళకి కనబడింది.

ఆ పెద్దావిడ పోయాక తోట అమ్మేశారట. ఇప్పుడు కూలీలు ఏజెన్సీ వ్యాన్‌లో వచ్చి, కోసి, అదే వ్యాన్‌లో వెళ్ళిపోతారని కామీ ఆంటీ చెప్పింది. ఎండలు ముదిరి కోతలు ఆగస్టులోకి వచ్చేశాయట. విందు లేదు.

నేనూ ఇప్పుడు ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో షిఫ్టుల రోటా వెంట పరిగెడుతున్నాను. ఇంటికొచ్చి టేక్‌అవే డబ్బా తెరిచి, ఓపిక లేక అక్కడే నిలబడి తినేస్తున్నాను. అమ్మ రిటైరైంది, మోకాళ్ళు అరిగిపోయాయి... అయినా మా ఫ్లాట్‌కి వస్తే "ముందు మీరు తినండే" అంటుంది.

మీ అమ్మ అందరితో పాటు కూర్చుని, వేడివేడిగా, కడుపు నిండా తిన్న భోజనం మీకు గుర్తుందా... ఉంటే రాయండి. నాకు గుర్తున్నది ఆ ఒక్కటే.