గోడ ముందు ఆగిపోయిన గున్నయ్య

ఒక బొమ్మ రాక్షసుడి విషయంలో చేసిన తప్పు ఇన్నేళ్లుగా గుండెల మీద బండలా ఉందంటే మీరు నవ్వుతారు. నవ్వండి. నేనూ నవ్వి వదిలేద్దామని చాలాసార్లు చూశాను. వదలదు.

పొద్దున్నే దీపం పెట్టి, భగవంతుడు ఇచ్చినవన్నీ ఒక్కొక్కటే తలుచుకుని దణ్ణం పెట్టుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఊపిరి సరిగ్గా ఆడుతున్నందుకు, ఇంట్లో అందరూ బాగున్నందుకు, చెట్టు కాసినందుకు, ఆఖరికి కుళాయి వేళకి వచ్చినందుకు కూడా. అన్నీ సాఫీగా సాగుతాయి. వదిన పేరు దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోతుంది. రోజూ ఇదే తంతు. విసుగొచ్చేసింది నాకు, నా మీద నాకే.

ఎవరితోనూ చెప్పలేదు. మీకు చెప్తాను.

కరోనా వచ్చిన ఏడాది మా తమ్ముడు శ్రీకాంత్ హైదరాబాదు ఉద్యోగాన్ని లాప్‌టాప్‌లో పెట్టుకుని నూజివీడు వచ్చేశాడు. వస్తూ వస్తూ ఒక పెద్ద పెట్టె తెచ్చాడు. బల్ల మీద యుద్ధం ఆడే ఆట. వేలెడంత సైనికుల బొమ్మలు, అట్టతో చేసిన కోటలు, టేపు పెట్టి కొలుస్తూ దళాలను జరపడం, పాచికలు వేసి ఎవరికి ఎన్ని దెబ్బలో తేల్చడం. పెళ్లయి సంసారం చేసుకుంటున్న ఆడదానికి ఇదేం పిచ్చి అనుకున్నాను. నెల తిరక్కుండా నాకే పట్టుకుంది.

ఆటకి చోటు ఇచ్చింది మా వదిన, అంటే మావారి అక్కగారు. చాట్రాయి దగ్గర వాళ్లకి మామిడితోట ఉంది. కాయల సీజను అయిపోతే తోటలో షెడ్డు ఖాళీ. కాయల్ని సైజుల వారీగా వేరుచేసే పొడుగాటి బల్లే మా యుద్ధభూమి. కాయలు మాగబెట్టగా మిగిలిన వరిగడ్డి మైదానమైంది, రాలిన పూతపుల్లలు అడవులయ్యాయి. ఆదివారాలు మేం ముగ్గురం, మైలవరంలో సెల్ షాపు పెట్టుకున్న తమ్ముడి స్నేహితుడు రాజు కలిసి ఆడేవాళ్లం.

రూల్సు చదివి చెప్పడం నా పని. ఇది ఎందుకు నా పనయిందో చెప్పాలి, ఎందుకంటే నా పాపం అక్కడే ఉంది. చిన్నప్పుడు నాకు ఆయాసం. మామిడి పూత వచ్చిందంటే ఊపిరి అందేది కాదు. బడికి పంపలేదు. గుడిలో అర్చకత్వం చేసే మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషు మూడూ నేర్పారు. పుస్తకం ఏదైనా సరస్వతే అనేవారు. కళ్ళకద్దుకోకుండా తెరవనిచ్చేవారు కాదు. ఆ అలవాటు నాకు నరాల్లోకి వెళ్లిపోయింది. రాక్షసుల ఆట రూల్సు పుస్తకాన్ని కూడా కళ్ళకద్దుకునే తెరిచేదాన్ని. రాజు మొదట్లో నవ్వాడు. తరవాత నవ్వడం మానేశాడు. ఆ తరవాత వాళ్లలో ఒక నమ్మకం ఏర్పడింది: పుస్తకానికి అంత దణ్ణం పెట్టే మనిషి పుస్తకంలో లేనిది చెప్పదు. మా తమ్ముడికి నాకంటే ఇంగ్లీషు బాగా వచ్చు గానీ వాడు రెండు పేజీలు చదివి మిగతాది ఊహిస్తాడు, ఆ ఊహ ఎప్పుడూ వాడి సైన్యానికే కలిసొస్తుంది. అందుకని తగువు వస్తే అందరూ నా వైపు చూసేవారు. ఆడేది నేనే, తీర్పు చెప్పేదీ నేనే. అది తప్పని ఒక్కరికీ తోచలేదు. నాకు తోచింది. నోరు మూసుకున్నాను. నమ్మించుకోవడంలో ఉన్న సుఖం అలాంటిది.

ఇక రాక్షసులు. మామూలు సైనికుడు వేలెడంత ఉంటే ఇవి జానెడు పైన ఉంటాయి. ఒక్కో రాక్షసుడు ఒక్కో పనికే పుట్టాడు. ఎగిరేవాటిని పట్టేది ఒకటి, దూరం నుంచి బండలు విసిరేది ఒకటి, కోటగోడలు పగలగొట్టేది ఒకటి. ఆ ఒక్క పనిలో వాటికి తిరుగులేదు. మిగతా పనుల్లో ఒట్టి మొద్దులు. గోడలు పగలగొట్టేవాడిని మైదానంలో ఒంటరిగా వదిలితే చీమల్లాంటి సైనికులే చుట్టుముట్టి చంపేస్తారు. చుట్టూ కాపలా పెట్టుకుని, వాడిని బతికించుకుంటూ గోడ దాకా నడిపించుకెళ్లాలి. ఆ నడిపించడంలోనే ఉంది ఆటంతా.

నా రాక్షసుడిని తమ్ముడు ఆన్‌లైన్లో తెప్పించాడు. బండలు విసిరేవాడు. నేను సన్న కుంచెతో ఓపిగ్గా రంగులు వేశాను. చూసినవాళ్లు బాగుందనేవారు. అంతే, బాగుంది.

వదిన కొనలేదు. చేసింది. తీగ చుట్టి, థర్మకోలు చెక్కి, మామిడి టెంకలు ఎండబెట్టి చీల్చి ఒంటినిండా పొలుసుల్లా అతికించింది. కళ్లకి గురివింద గింజలు. చేతిలో గుదియగా మామిడి కొమ్మ. గోడలు పగలగొట్టేవాడు. వాడికి గున్నయ్య అని పేరు పెట్టింది. వాడిని బల్ల మీద పెడితే మిగతావన్నీ బొమ్మల్లా కనిపించేవి. నావాడు మరీనూ.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ వదిన నోరు! గున్నయ్య అడుగు వేసినప్పుడల్లా గుర్రుమనేది. పాచిక పడితే బల్ల చరిచేది. నేను ఓడితే, "ఏమ్మా, మీ నాన్నగారు శ్లోకాలన్నీ చెప్పారు గానీ పాచిక వెయ్యడం చెప్పలేదా?" అనేది. రాజు పడీపడీ నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. నవ్వి, ఇంటికొచ్చి గిన్నెలు దడదడా పడేసేదాన్ని. ఆ టెంకల మొద్దు నా కోటని ఎన్నిసార్లు పడగొట్టాడో! వాడు గెలిచిన ప్రతిసారీ వాడి గురివింద కళ్లు నన్ను చూసి వెక్కిరిస్తున్నట్టే ఉండేవి. ఒక బొమ్మ మీద అంత కోపం ఎలా వస్తుంది మనిషికి? బొమ్మ మీదేనా వచ్చింది?

ఒక వర్షాకాలం విజయవాడలో ఈ ఆట ఆడేవాళ్లంతా కలుస్తున్నారని తమ్ముడు కబురు తెచ్చాడు. ఒక్కో జట్టు ముగ్గురే, ఒక్క రాక్షసుడినే తేవాలి. తమ్ముడు, రాజు ఎలాగూ వెళ్తారు. మిగిలింది వదిన గానీ నేను గానీ. ఇద్దరూ ఆడండి, గెలిచినవాళ్ల రాక్షసుడు వస్తాడు అన్నాడు.

వదిన అప్పటికే వెళ్తున్నట్టు లెక్క. వాళ్ల అత్తగారిని ఒప్పించుకుంది, తోట చూసుకునే పని ఎవరికో అప్పగించింది, చీర కూడా తీసి పెట్టుకుంది. విజయవాడ తనకి కొత్త కాదు. పెళ్లిళ్లకి వెళ్లింది, ఆసుపత్రికి వెళ్లింది. ఎవరి కోసమో కాకుండా తన చేత్తో చేసినదాన్ని పట్టుకుని తను వెళ్లడం మాత్రం అదే మొదటిసారి అయ్యేది. ఈ మాట తను పైకి అనలేదు. గున్నయ్యని మోసుకెళ్లడానికి కాయల అట్టపెట్టెలో గడ్డి పరిచి సిద్ధం చేసుకోవడం చూశాను. చూసీ చేశాను.

ఆ రోజు కోట నాది, దాడి తనది. బాగా ఆడింది. నా రాక్షసుడు బండల మీద బండలు విసిరాడు. గున్నయ్యకి దెబ్బలు పడ్డాయి, కాపలా సైనికులు పోయారు, వాడు మాత్రం ఈడ్చుకుంటూ గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆఖరి వంతు. కొడితే గోడ కూలుతుంది. కూలితే తనదే గెలుపు.

వదిన పాచికలు తీసుకుని ఆగింది. ఆ రోజు గుర్రుమనలేదు.

"ఇంత దెబ్బతిన్నాడు కదమ్మా. గోడని కొట్టగలడా, లేదా? ఒకసారి చూసి చెప్పు."

పుస్తకం తీశాను. కళ్ళకద్దుకున్నాను. పేజీ తెరిచాను. అక్కడ స్పష్టంగా ఉంది. దెబ్బతిన్న రాక్షసుడి నడక తగ్గుతుందే గానీ గోడని కొట్టే బలం తగ్గదు. నాకు చూడకుండానే తెలుసు.

"కొట్టలేడు వదినా. సగానికి పైగా దెబ్బతింటే గోడ జోలికి వెళ్లకూడదు."

"నిజంగా?"

"అలాగే ఉంది."

పుస్తకం ఇలా ఇవ్వు, చూస్తాను అంటుందేమోనని దాన్ని మూసి ఒళ్లో పెట్టుకున్నాను. అనలేదు.

"పోనీలే. నువ్వు చెప్తే పుస్తకం చెప్పినట్టే," అని పాచికలు బల్ల మీద పెట్టేసింది. తరవాత గున్నయ్య తల తట్టి, "ఇంత దూరం నడిచావురా నాయనా, పాపం," అంది.

అంతే జరిగింది. ఎందుకు చేశాను? ఎగతాళి పడలేకా? ఆ బొమ్మని చూసి అసూయా? విజయవాడ వెళ్తే దుర్గమ్మ దర్శనం అవుతుందని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. అమ్మవారిని చూడటానికి అబద్ధం మెట్టెక్కి వెళ్లినదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. వెళ్లాను. నా రాక్షసుడు మొదటి ఆటలోనే చచ్చాడు. వాడిని ఎవరూ రెండోసారి చూడలేదు. పక్క బల్లల వాళ్లు ఒకరి రాక్షసుడిని ఒకరు ఎత్తి చూసుకుంటుంటే, ఈ బల్ల మీద గున్నయ్య ఉంటే వీళ్లంతా ఇక్కడే మూగేవారు కదా అని ఒకటే అనిపించింది. కొండెక్కాను. అమ్మవారి ఎదుట చేతులు జోడించాను. ఎప్పుడూ నోటికి వచ్చే కృతజ్ఞత ఆ రోజు రాలేదు. ఏమని చెప్పను, తల్లీ నన్ను ఇక్కడికి తెచ్చావు అనా? తెచ్చింది తల్లి కాదుగా.

తరవాత తోటకి వెళ్తే గున్నయ్య గేటు స్తంభానికి కట్టేసి ఉన్నాడు. దిష్టిబొమ్మ. వాన నీళ్లకి పొలుసులు ఊడిపోతున్నాయి. నా ముఖం చూసి వదినే నవ్వింది. "గోడ కొట్టలేనోడు కాపలా అన్నా కాస్తాడని పెట్టాను," అంది. మళ్లీ ఆటకి రాలేదు. పనులున్నాయంది. బల్ల మాత్రం మాకు వదిలేసింది. ఏటా రసాల బుట్ట పంపిస్తూనే ఉంది, అడుగున గడ్డి సర్ది, ఒక్క కాయ కూడా నలగకుండా. తిట్టినా బాగుండేది.

ఇంతటితో అయినా అయిపోయిందా? కిందటేడు ఆట రూల్సు మారాయి. కొత్త పుస్తకం వచ్చింది. తమ్ముడు తెరిచి గట్టిగా అరిచాడు. బాగా దెబ్బతిన్న రాక్షసుడు గోడని కొట్టలేడట! నేను ఆ రోజు నోటికొచ్చినట్టు అల్లిన అబద్ధం, ఇప్పుడు అచ్చులో! "అక్క ఎప్పుడో చెప్పింది చూశావా," అని వాడు రాజుకి గొప్పగా చూపించాడు. రాజు, "అక్కగారి నోట ఏదొస్తే అదే రూలండీ," అన్నాడు. నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. దేవుడికి ఇంత వెటకారం ఎందుకు? ఇప్పుడు ఒప్పుకుందామన్నా వినేవాడు లేడు. పుస్తకంలో ఉందిగా అక్కా, నీదే రైటు అంటారు. అబద్ధం నిజమైపోయాక దాన్ని అబద్ధమని ఎలా రుజువు చెయ్యాలి?

చెయ్యక్కర్లేదని ఈమధ్యే అర్థమైంది. రూలు తరవాత మారితే మారనీ. ఆ రోజు అది రూలు కాదు. ఆ రోజు ఒక మనిషి నన్ను నమ్మి పాచికలు కింద పెట్టేసింది. కొత్త పుస్తకం ఎన్నిసార్లు వచ్చినా ఆ పాచికలు మళ్లీ ఆమె చేతిలోకి రావు.

ఇది చదివితే వదిన ఏమంటుందో తెలియదు. మాట్లాడటం మానేస్తుందేమో. అది ఆమె ఇష్టం. క్షమించమని రాయడం లేదు. అడిగితే క్షమించేస్తుంది, నాకు తెలుసు. అప్పుడు ఇంకో బుట్ట పంపిస్తుంది. నాకు ఆ బుట్ట వద్దు. ఆమె నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. దానికి నేను బాకీ ఉన్న జవాబు ఇన్నాళ్లకి చెప్తున్నాను. చెప్తుంటే మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది.

కొట్టగలడు వదినా. పాచికలు వెయ్యి.