కోర్సు డాక్టరు గారి రెండు నిమిషాలు

మా వీధి చివర, మందుల షాపు పక్క గదిలో ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టరు గారిని ఎవరూ పేరుతో చెప్పుకునేవారు కాదు. బోర్డు మీద పేరు ఉండేది, పేరు వెనక రైలుపెట్టెల్లా డిగ్రీలూ ఉండేవి. అయినా అందరికీ ఆయన కోర్సు డాక్టరే.

ఆ పేరు ఊరికే రాలేదు. డాక్టర్లన్నవాళ్ళు పట్టా పుచ్చుకున్నాక కూడా చదువుతూనే ఉండాలనీ, లైసెన్సు రెన్యువల్ కావాలంటే ఇన్ని కోర్సులకు హాజరైనట్టు పాయింట్లు చూపించాలనీ ప్రభుత్వం రూలు పెట్టింది. మిగతా డాక్టర్లు ఆ పాయింట్ల కోసం ఏడవలేక నవ్వుతూ వెళ్ళేవారు. సంతకం పెట్టి, ఖర్చు పెట్టుకునే మందుల కంపెనీలవాళ్ళిచ్చే సంచీ తీసుకుని, వెనక వరసలో కునుకు తీసి, భోజనాల వేళకు ఠంచనుగా మేలుకునేవారు. మన డాక్టరు గారు అలా కాదు. ముందు వరసలో కూర్చునేవారు. లెక్చరు అయ్యాక మొదటి ప్రశ్న ఆయనదే. ఆ ప్రశ్న ఒక్కోసారి లెక్చరు కన్నా పొడుగ్గా ఉండేది. మైకు ఆయన చేతికి వెళ్ళడం చూడగానే, వంటవాళ్ళు వడ్డన కాసేపు ఆపేవారట.

కావలసిన పాయింట్లు ఎప్పుడో దాటిపోయినా ఆయన వెళ్ళడం మానలేదు. ఆదివారం వస్తే చాలు, కాళ్ళు నిలిచేవి కావు. క్లినిక్కు గోడలన్నీ సర్టిఫికెట్లతో నిండిపోయాయి. కళ్ళ పరీక్షకు పెట్టే అక్షరాల చార్టును కూడా వాటి కోసం తలుపు వెనక్కి మార్చారు. ఎవరికైనా చూపు పరీక్షించాలంటే ముందు తలుపు వేయాలి.

ఆయన చెడ్డ వైద్యుడని కాదు. హస్తవాసి మంచిదే. చిక్కల్లా ఒక్కటే. ఆయన ఏ కోర్సు నుంచి వస్తే ఆ వారం వీధి మొత్తానికీ ఆ జబ్బే ఉండేది. థైరాయిడ్ కోర్సు నుంచి వచ్చినప్పుడు, కాలు బెణికిందని వెళ్ళిన పోస్ట్‌మ్యాన్ గొంతు నొక్కించుకుని కుంటుకుంటూ తిరిగొచ్చాడు. నిద్ర జబ్బుల కోర్సు తర్వాత, భార్యలను పిలిచి మీ ఆయన గురక పెడతాడా అని ఆరా తీశారు. రెండిళ్ళలో పెద్ద గొడవలయ్యాయి. వాటికి వైద్యం ఆ కోర్సులో చెప్పలేదు. చర్మవ్యాధుల వారంలో చొక్కా విప్పకుండా ఎవరూ బయటపడలేదు, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినతనితో సహా.

దాంతో వీధి జనం తెలివి మీరారు. ముందు గదిలో కూర్చునే నర్సమ్మ దగ్గర కనుక్కున్నాకే లోపలికి అడుగు పెట్టేవారు.

"నర్సమ్మా, సారు ఈసారి దేనికెళ్ళొచ్చారు?"

"గుండెకి."

"అయితే నా చెవి నొప్పి వచ్చే వారం చూపించుకుంటాలే."

"వచ్చే వారం కీళ్ళు. చెవి నెలాఖర్లో ఉంది. అందాకా ఓర్చుకోగలరా?"

నర్సమ్మ ఇది వేళాకోళానికి అనేది కాదు. నిజంగానే జనం బాగు కోరి చెప్పేది.

ఇలా ఓర్చుకున్నవాళ్ళలో బట్టలు కుట్టే టైలరమ్మ ఒకరు. ఆవిడకు తలనొప్పి. మొదటిసారి వచ్చినప్పుడు, "తలనొప్పండీ. పొద్దున బాగానే ఉంటుంది. మిషను ముందు కూర్చున్నానంటే మొదలు. మా అక్క..." అంటూ చెప్పబోయింది.

"మీ అక్కకూ ఉందా? అనుమానం లేదు, వంశపారంపర్యం!" అని డాక్టరు గారు మెరిసే కళ్ళతో కాగితం అందుకున్నారు. అంతకు ముందు రోజే జన్యువుల కోర్సు నుంచి వచ్చారు పాపం. ఆ తర్వాత సైనస్ వారంలో వస్తే సైనస్ అన్నారు. నరాల వారంలో నరాలన్నారు. మెడ వారంలో వచ్చినందుకు మెడకు బెల్టు కట్టారు. బెల్టుతో తల వంగక, సూది ఎక్కడ దిగుతోందో కనపడక, ఎవరిదో కొత్త చొక్కాకు రెండు చేతులూ ఒకవైపే కుట్టేసింది టైలరమ్మ.

ఇలా సాగుతుండగా ఒక ఆదివారం డాక్టరు గారు కాలేయం కోర్సుకని ఒక పెద్ద హోటలుకు వెళ్ళారు. కాలేయం పై అంతస్తులో పెట్టారు. ఆయన హడావుడిలో కింది హాల్లోకి జొరబడి, సంతకం పెట్టి, సంచీ పుచ్చుకుని, ముందు వరసలో చతికిలబడ్డాక గాని పొరపాటు తెలిసిరాలేదు. అక్కడ జరుగుతున్నది "రోగి మాట వినడం ఎలా" అనే కోర్సు. వినడమనే మందును ఏ కంపెనీ తయారు చేయదు కాబట్టి ఖర్చు పెట్టుకునే నాథుడు లేడు. సంచీలో ఒక పెన్ను మాత్రం ఉంది, అదీ రాయదు. భోజనం బదులు టీ, బిస్కెట్లు. హాల్లో సగం కుర్చీలు ఖాళీ.

వేదిక మీద సన్నగా, పొట్టిగా ఒక పెద్దావిడ నిలబడి ఉన్నారు. తెల్లజుట్టు, తగ్గు గొంతు. చేతిలో కాగితం కూడా లేదు.

"రోగి నోరు తెరిచిన కాసేపటికే మనం అడ్డు తగులుతాం. ఇది మనందరికీ ఉన్న అలవాటే. ఎందుకంటే..." అని ఆవిడ చెబుతుండగానే మన డాక్టరు గారు లేచి నిలబడ్డారు.

"క్షమించాలి మేడమ్. అందరినీ ఒకే గాటన కట్టకండి. నేను నా సర్వీసులో ఏనాడూ ఎవరికీ అడ్డు తగల్లేదు!"

"నా మాట ఇంకా పూర్తవలేదండీ," అన్నారావిడ నెమ్మదిగా.

హాలు గొల్లుమంది. వెనక వరసలో నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి, ఏం జరిగిందో కనుక్కుని మరీ నవ్వారు. డాక్టరు గారికి తల కొట్టేసినట్టయింది. కూర్చున్నారు. ఆ తర్వాత ఆవిడ చెప్పిందంతా విన్నారు, వేరే దారి లేక. చివర్లో ఆవిడ ఒక్క పని అప్పజెప్పారు.

"రేపటి నుంచి రోగి మాట్లాడ్డం మొదలుపెట్టాక రెండు నిమిషాలు నోరు విప్పకండి. మధ్యమధ్య తల మాత్రం ఊపండి. అంతే."

మర్నాడు పొద్దున్నే మొదటి రోగి రిటైరైన బస్సు డ్రైవరు. వీధిలో అందరికీ ఆయన డ్రైవరు బాబాయి.

"ఏంటి బాబాయ్ సంగతి?" అని అడిగి, డాక్టరు గారు వాచీ విప్పి బల్ల మీద పెట్టుకున్నారు.

"గ్యాసండీ," అన్నాడు బాబాయి. అని ఊరుకున్నాడు. ఇన్నేళ్ళ అనుభవంలో ఆయనకు రెండో మాట అనాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

డాక్టరు గారు మాట్లాడలేదు. పెదవులు బిగించి బాబాయి ముఖంలోకే చూస్తున్నారు.

"పొట్టలోనండీ," అన్నాడు బాబాయి.

డాక్టరు గారు బరువుగా తల ఊపారు.

బాబాయి కుర్చీ అంచుకు జరిగాడు. "ఏమన్నా... పెద్దదాండీ?"

రెండు నిమిషాలు ఇంకా కాలేదు. డాక్టరు గారు మళ్ళీ తల ఊపారు.

ఆ తర్వాత డాక్టరు గారు రాసిచ్చిన మందు చీటీ గాని, చెప్పిన జాగ్రత్తలు గాని బాబాయి బుర్రకెక్కలేదు. తిన్నగా ఇంటికెళ్ళి భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, తను పోయాక ఇల్లు ఎవరికివ్వాలో చెప్పాడు. ఏళ్ళ తరబడి మాటల్లేని తమ్ముడికి ఫోను చేసి, తప్పంతా నాదేరా అన్నాడు. తమ్ముడు ఆ ఫోను పట్టుకునే భోరుమన్నాడు. సాయంత్రానికి అల్లుడు క్లినిక్కుకు పరిగెత్తుకొచ్చాడు.

"దాచకుండా చెప్పండి డాక్టరు గారూ. మా మావయ్యకి ఇంకా ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళో ఎందుకు? నాలుగు రోజులు చాలు," అన్నారు డాక్టరు గారు, చేతులు కడుక్కుంటూ.

అల్లుడు బెంచీ మీద కూలబడ్డాడు. నర్సమ్మ మంచినీళ్ళు తెచ్చి తాగించి, "నాలుగు రోజులన్నది మందు వాడమనయ్యా! గ్యాసు బిళ్ళ!" అని నాలుగైదు సార్లు చెప్పాక గాని అతను లేవలేదు. ఇంటికెళ్ళి ఈ కబురు చెబితే, అందరికన్నా ఎక్కువ చిన్నబుచ్చుకున్నది ఆ తమ్ముడేనట. అయినా అన్నదమ్ములు మళ్ళీ విడిపోలేదు.

ఇది కూడా కోర్సు మహిమేనని నర్సమ్మ నోటి వెంట వీధంతా పాకింది. ఇక చూడండి. వినే డాక్టరు ఊరికే దొరికితే ఎవరు వదులుకుంటారు? ఒంట్లో నలత లేనివాళ్ళు కూడా వచ్చి వరసలో కూర్చున్నారు. ఒకాయన తన బావమరిది చేసిన ద్రోహం చెప్పుకున్నాడు. ఒకావిడ పక్కింటివాళ్ళ కుక్క గురించి చెప్పి, ఆ కుక్కకు ఏదైనా మందివ్వమంది. పక్క గదిలో మందుల షాపాయనకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"ఇదేం కోర్సు సార్? పొద్దున్నుంచీ లోపలికి పదిమందెళ్ళారు, బయటికొచ్చి ఒక్క బిళ్ళ కొన్నవాడు లేడు! అందరూ మనసు తేలికైందంటున్నారు. మనసు తేలికైతే నా షాపు నడుస్తుందా?"

ఆ వారంలోనే టైలరమ్మ వచ్చింది.

"అదే తలనొప్పండీ. పొద్దున బాగానే ఉంటుంది. మిషను ముందు కూర్చున్నానంటే మొదలు. మా అక్క..." అని అలవాటు ప్రకారం ఆగింది, డాక్టరు గారు అందుకుంటారని.

డాక్టరు గారి నాలుక చివరిదాకా ఏదో వచ్చింది. గుటక వేసి మింగేశారు. తల ఊపారు.

టైలరమ్మ అటూ ఇటూ చూసింది. తలుపు తెరిచే ఉంది, ఎవరూ పిలవడం లేదు. ఇక తప్పదన్నట్టు చెప్పింది. "మా అక్క కళ్ళజోడు పెట్టుకుని కుడతానండీ. నాది ఎప్పుడో విరిగిపోయింది. అక్కది నాకంత నప్పదు, కుట్లు అలుక్కుపోయినట్టుంటాయి. ఉన్నది ఉండగా మళ్ళీ కొత్తదెందుకని..."

రెండు నిమిషాలు దాటిపోయాయి. డాక్టరు గారు ఇంకా మాట్లాడలేదు. ఈసారి కోర్సులో చెప్పారని కాదు. తలుపు వెనక్కి మార్చిన అక్షరాల చార్టు గుర్తొచ్చింది. లేచి తలుపు వేసి, చార్టు చదవమన్నారు. అక్క కళ్ళజోడుతో ఆవిడకు పై వరసలో ఉన్న పెద్ద అక్షరం ఒక్కటే ఆనింది, అదీ రెండుగా.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదమ్మా," అన్నారాయన, గొంతు తగ్గించి.

"ప్రతిసారీ చెబుదామనే వచ్చానండీ. అక్క దాకా వచ్చేసరికి మీరు మందు రాసేసేవారు." ఆవిడ మాటలో నిష్ఠూరం లేదు. బస్సు ముందే వెళ్ళిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఆ పూట డాక్టరు గారికి అన్నం సయించలేదు. ఎదురుగా భార్య. బళ్ళో లెక్కల టీచరుగా చేసేది. ఎప్పుడూ ఆయన మాట్లాడుతుంటే ఆవిడ వడ్డించేది. ఆ రోజు ఆయన కంచంలో వేలితో గీతలు గీస్తూ, "నేను ఎవరి మాటా వినననుకుంటున్నావా నువ్వు?" అని అడిగి నోరు మూసుకున్నారు.

"ఏంటండీ, నన్నూ రోగిలా చూస్తున్నారు?"

ఆయన తల ఊపారు.

"ఇదీ కోర్సులో చెప్పిందేనా? మీ కోర్సులంటే ఏంటో, మొదట్లో బాధగానే ఉండేది, ఆదివారమైనా ఇంట్లో ఉండరని," అందావిడ. డాక్టరు గారి కళ్ళు చెమర్చాయి. ఇక ఆదివారాలు ఇంటి పట్టునే ఉంటానని చెప్పడానికి ఆయన సిద్ధమవుతుండగా ఆవిడ చెప్పుకుపోయింది. "తర్వాత అలవాటైపోయింది. నిజం చెప్పొద్దూ, ఇప్పుడు ఆ ఒక్క రోజే నాకు కాస్త తెరిపి. మా చెల్లితో ఫోన్లో మాట్లాడతానా, మొదలెట్టిన మాట చివరిదాకా చెప్పగలుగుతాను. మీరు దయచేసి మానకండి."

రెండు నిమిషాలు అయ్యేదాకా ఆగాలి కాబట్టి ఆయన ఆగారు. ఆ తర్వాత మజ్జిగ పోసుకున్నారు.

టైలరమ్మ కళ్ళజోడు కథ ఎలాగో ఆ వినడం కోర్సు పెద్దావిడ చెవిన పడింది. కుటుంబ వైద్యుల పెద్ద కోర్సులో పావుగంట మాట్లాడమని డాక్టరు గారికి కబురు పెట్టారు. ఇన్నేళ్ళూ ముందు వరసలో కూర్చున్నారే గాని ఆయన వేదిక ఎక్కడం అదే మొదలు. కొత్త కోటు కుట్టించుకున్నారు, టైలరమ్మ దగ్గరే. భార్య కూడా వెంట వెళ్ళింది.

వినడం ఎంత ముఖ్యమో ఆయన చెప్పారు. చాలాసేపు చెప్పారు. పావుగంట అయింది, అరగంట అయింది. అధ్యక్షత వహిస్తున్న పెద్దావిడ చీటీ పంపితే, మెచ్చుకున్నారనుకుని, చదవకుండానే నమస్కారం పెట్టి జేబులో వేసుకున్నారు. గంట కొడితే, చప్పుడుకి మైకు సవరించుకున్నారు. వెనక వరసలో ఒక కుర్ర డాక్టరమ్మ ఎప్పటినుంచో చెయ్యెత్తి ఉంది. చెయ్యి నొప్పెట్టి మార్చుకుంది కూడా. అప్పుడు మూడో వరసలో ఉన్న భార్య లేచి, ఆ చెయ్యి కేసి వేలు చూపించింది. 

డాక్టరు గారు ఆగారు. "అడగమ్మా."

"సార్, మాది పెద్ద ఆసుపత్రి. ఒక్క పూటలో వచ్చే జనం..."

"అర్థమైంది! జనం ఎక్కువైనా సరే..." అని ఆయన అందుకోగానే హాలంతా నవ్వింది. ఆయన నాలుక కరుచుకున్నారు. నవ్వు ఆగాక, "తప్పయిందమ్మా. పూర్తిగా చెప్పు," అన్నారు.

"ఒక్క పూటలో వచ్చే జనానికి ఒక్కొక్కరికి రెండు నిమిషాలిస్తే, సగం మందిని చూడకుండానే చీకటి పడుతుంది సార్. చూడకుండా పంపేసిన వాళ్ళ మాట ఎవరు వింటారు?"

డాక్టరు గారు ఆలోచించారు. చేతిలో కాగితాలు తిరగేశారు. వాటిలో లేదు. "నాకు తెలీదమ్మా," అన్నారు చివరికి.

ఆ వేదిక మీద ఆ మాట అంతకు ముందెవరూ అనలేదు.  తర్వాత వెనక వరసలో ఒకాయన లేచి, తన ఆసుపత్రిలోనూ ఇదే గోల అన్నాడు. ఇంకొకావిడ, తను ఒక రోగి మాట వినకుండా పంపేసి తర్వాత ఎంత కుమిలిపోయిందో చెప్పింది. మైకు లేకుండానే అందరూ మాట్లాడుకున్నారు. భోజనాలు చల్లారిపోయాయి. నిర్వాహకులు తలలు పట్టుకున్నారు.

ఆ తర్వాత డాక్టరు గారు తన క్లినిక్కులోనే బుధవారం సాయంత్రాలు ఒక కూటం మొదలుపెట్టారు. చేతకాని కేసులు తెచ్చుకుని నలుగురూ కూర్చుని మాట్లాడుకోవడం, అంతే. దానికి పాయింట్లు ఇమ్మని అర్జీ పెడితే, పైవాళ్ళు తిరగ్గొట్టారు. హాలు లేదు, బ్యానరు లేదు, ముఖ్య అతిథి లేడు, కాబట్టి ఇది చదువు కిందికి రాదన్నారు. పాయింట్లు లేవని తెలిశాక వచ్చేవాళ్ళు పలచబడ్డారు. కుర్ర డాక్టరమ్మ మాత్రం మానలేదు. వారం వారం ఇద్దరు ముగ్గురు వస్తూనే ఉన్నారు. వాళ్ళ టీ మందుల షాపాయనే తెప్పిస్తాడు, గొణుక్కుంటూ.

డాక్టరు గారు మారిపోయారని చెబితే అబద్ధమవుతుంది. మొన్న బుధవారం కూడా కుర్ర డాక్టరమ్మ తన రోగి గురించి చెబుతుంటే ఆయన మధ్యలో అందుకున్నారు. ముందు గదిలోంచి నర్సమ్మ గొంతు వినిపించింది.

"సార్, ఆవిడ ఇంకా చెబుతోంది."

"ఆఁ, చెప్పు, చెప్పమ్మా," అని డాక్టరు గారు టీ గ్లాసు అందుకున్నారు.