పార్టు ఇంకా రాలేదు

మా బాబాయి ముప్పై ఏళ్లుగా హీటర్లు బాగుచేస్తున్నాడు. గదిలో ఎక్కడ కావాలంటే అక్కడికి జరుపుకునే చిన్న హీటర్లంటే ఆయనకు ప్రాణం. వాటిని వాడే మనుషులంటేనే ఒళ్లుమంట. "వారానికోసారి దుమ్ము దులపండయ్యా, తడిబట్టలు దానిమీద ఆరేయకండయ్యా, గోడ ప్లగ్గులోనే పెట్టండయ్యా అని నెత్తీనోరూ కొట్టుకుంటే ఒక్కరైనా వింటారా?" అంటూ దుకాణానికి వచ్చినవాళ్లందరికీ క్లాసు పీకుతాడు.

అలాంటి మనిషిని మా అత్త ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్లు తాగించింది. అత్తంటే ఆయన సొంత అక్క. దుకాణం పైగదిలో ఒక్కతే ఉంటుంది. ఆమెకి ఎప్పుడూ చలే. ఈమధ్య మతిమరుపు కూడా మొదలైంది. బాబాయి ప్రతి ఆదివారం ఆమె హీటర్ విప్పి, బ్రష్షుతో దుమ్ము తీసి, వైరు పొడుగునా తడిమి, ప్లగ్గు వేడెక్కుతోందేమో చూసి మరీ పెట్టేవాడు.

హీటర్ అడుగున చిన్న బటన్ ఒకటి ఉంటుంది. హీటర్ పక్కకి పడిపోతే కరెంటు ఆపేది అదే. ఒక ఆదివారం తిరగేసి చూస్తే, అది ఎప్పుడూ నొక్కుకునే ఉండేలా టేపు వేసి ఉంది. మహాతల్లి హీటర్‌ని మంచం మీద, కాళ్ల దగ్గర పడుకోబెట్టి వెలిగిస్తోందట! దుప్పటి అంచు అప్పటికే మాడి ఉంది.

"అక్కా, ఎవరు నేర్పారు నీకీ దిక్కుమాలిన తెలివి?" అని అరిచాడు బాబాయి.

"నువ్వేగా! బల్లమీద పడుకోబెట్టి చూసేటప్పుడు టేపు వేసేవాడివి కాదూ? నీకు అన్నం తెచ్చినప్పుడల్లా చూసేదాన్ని."

నిజమే. రిపేరు చేసేటప్పుడు అలా వేసి, పనయ్యాక తీసేస్తారు. పొద్దున తిన్నదో లేదో గుర్తులేని మనిషికి అది మాత్రం గుర్తుండిపోయింది, మా ఖర్మ కొద్దీ. బాబాయి టేపు పీకేశాడు. ఆమె మళ్లీ వేసింది. టేపు దాచేస్తే దారం కట్టింది. తిట్టాడు, బతిమాలాడు. "సరేలేరా" అనేది, గంటకే మరిచిపోయేది.

పోనీ తాను ఉన్నంతసేపు వెలిగించి, వెళ్లేటప్పుడు కిందికి తీసుకుపోదామనుకున్నాడు. మొదటిరోజే అత్త హీటర్‌ని రెండు చేతులా పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. ఇక లాభం లేదని లోపలి రాడ్డు తీసేసి, "పాడైందక్కా, పార్టు రావాలి" అన్నాడు. పని తప్పించుకునే మెకానిక్కులు చెప్పే ఆ మాట, ముప్పై ఏళ్లలో ఆయన ఒక్కరికీ చెప్పలేదు. ఇప్పుడు రోజూ చెబుతున్నాడు. రెండు రగ్గులు, ఉన్ని మేజోళ్లు కొనిచ్చాడు. ఏవీ ఆమెకి చాలడం లేదు.

నిన్న నేనూ ఆయన వెంట పైకెళ్లాను. అత్త రగ్గుల్లోంచి తల ఎత్తింది.

"పార్టు వచ్చిందా?"

"ఇంకా రాలేదక్కా."

నాకు కోపం ముంచుకొచ్చింది, ఎవరి మీదో చెప్పలేను. రాడ్డు మళ్లీ పెట్టెయ్యమని అనలేను, వద్దనీ అనలేను. అత్త తమ్ముడి మొహంలోకి కాసేపు చూసింది. చెయ్యి బయటికి తీసి ఆయన చెంప తడిమింది.

"నా కోసం ఎన్ని షాపులు తిరుగుతున్నావో, మొహం పీక్కుపోయింది. ఇంక తిరగకురా. నాకిప్పుడు చలేం వేయట్లేదులే," అంది, పళ్లు టకటకా కొట్టుకుంటుంటే.