రాబాక అంటే రమ్మని

ఉద్యోగం పోవడమంటే ఈ రోజుల్లో చడీచప్పుడూ లేని వ్యవహారం. సెల్‌ఫోన్‌లో టింగుమని ఓ మెయిలు వస్తుంది, అంతే, పక్క సీటువాడికి కూడా తెలియదు. మేం కొత్తగా నల్లకోటు తొడుక్కున్న రోజుల్లో అలా కాదు. ఉద్యోగం పోయిందంటే వీధి చివర టీకొట్టు దాకా వినపడేది. అలా పోయిన ఉద్యోగం మర్నాడు పొద్దున్నే దానంతటదే తిరిగొచ్చేది కూడా. ఈ రెండో సంగతి నాకెవరూ చెప్పలేదు. అందువల్ల ఒక ఆదివారంనాడు నేను చేసిన నిర్వాకం మా చర్చిలో ఇప్పటికీ దేవుడి మహిమ కింద చలామణీ అవుతోంది.

మా పెద్దసారు లా ఆఫీసు నెల్లూరులో మూడు తరాలది. సారు తాతగారు వరండాలో ఒక బల్లా ఒక కుర్చీ వేసుకుని మొదలుపెట్టారట (క్లయింటు కూర్చుంటే తాతగారు నిలబడాల్సి వచ్చేదని అక్క అనేది). అక్కంటే సొంత అక్క కాదు, నాకంటే ముందు చేరిన జూనియరు, మనుబోలు మనిషి. రైసుమిల్లులు, ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల కంపెనీలు, వాటి ఓనర్లందరి లేబరు కేసులూ మా ఆఫీసుకే వచ్చేవి. కోర్టులో జడ్జిగారి ముందు సారు గొంతు తేనె. ఆఫీసులో మా మీద పడితే మాత్రం పిడుగే. నేనేమో గుమాస్తానీ కాను, ఉద్యోగినీ కాను. జూనియరంటే ఏ చట్టానికీ అందని జీవి. అయినా ఆ ఆఫీసు మెట్లెక్కుతుంటే నాకు ఒళ్ళు పొంగేది. ఎందుకంటే అది దక్కకపోతే నాకు రాసిపెట్టి ఉన్నది జువ్వలదిన్నెలో మా మేనమామ ఐసు ఫ్యాక్టరీ. కనపడినప్పుడల్లా మామ, "ఆ కోటు యాడన్నా తగిలించి వచ్చెయ్‌రా అబ్బయ్యా, ఐసుగడ్డల మధ్య చల్లంగా కూర్చుందువు" అనేవాడు. నాకు చలి పడదు. లాయరు కావాలన్న పిచ్చి మాత్రం చిన్నప్పటి నుంచీ ఉంది.

నేను చేరిన ఏడాదే సారు ఆఫీసుకు వార్షికోత్సవం చెయ్యాలనుకున్నారు. సన్మానాలూ శాలువాలూ వద్దు, ఓనర్లనీ కార్మిక సంఘాల వాళ్ళనీ ఒకచోట కూర్చోబెట్టి లేబరు చట్టాల్లో వస్తున్న మార్పులు చెప్పిద్దామన్నారు. పాత చట్టాలన్నీ కలిపి నాలుగు మూటలు కడతారట అని అందరూ చెవులు కొరుక్కుంటున్న కాలమది. సారుకి పాత చట్టాలు కంఠతా వచ్చు, కొత్తవాటి పేరెత్తితే మాత్రం కూరలో ఉప్పు మర్చిపోయినట్టు మొహం పెట్టేవారు. కాబట్టి ఆ ఉపన్యాసం నా నెత్తిన పడింది. దాంతోపాటు ఆఫీసు చరిత్రని ఒక చిన్న కరపత్రంగా రాసే పని కూడా. కాన్వెంటు చదువు చదివినవాణ్ణి, అయినా తెలుగులో గొప్పగా రాయాలని ఉబలాటం. నిఘంటువులూ పాత పత్రికలూ ముందేసుకుని చివరికొక బ్రహ్మాండమైన వాక్యం తయారు చేశాను. "మూడు తరాలుగా ఈ కార్యాలయం యజమానుల కొమ్ము కాస్తూ వస్తోంది." కొమ్ము కాయడమంటే ఎద్దు కొమ్ములు విసిరి మందని కాపాడినట్టు అండగా నిలబడటం అనుకున్నాను. న్యాయం గాలికొదిలి ఒకడి పక్షాన వాదించడానికి ఆ మాట వాడతారని నాకు తెలిస్తే ఒట్టు. ప్రూఫు చూసినప్పుడు సారు తాతగారి ఫొటో ఒక్కటే చూశారు, మీసం సరిగ్గా పడిందా లేదా అని.

సభ ఆదివారం. శనివారం సాయంత్రం ప్రెస్సు నుంచి కరపత్రాల కట్ట వచ్చింది. సారు కళ్ళజోడు సవరించుకుని, కాలు ఊపుకుంటూ చదవసాగారు. కాలు ఆగింది. కళ్ళజోడు తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఎవుర్రా ఇది రాసింది?"

"నేనే సార్" అన్నాను, మెచ్చుకుంటారేమోనని కొంచెం ముందుకు జరిగి.

"మా తాత కొమ్ము కాసినాడా? మా నాయిన కొమ్ము కాసినాడా? రేపు సంఘాలోళ్ళ ముందర మూడు తరాల పరువు ఈ కాయితంలో చుట్టి పంచిపెడదామనుకున్నావా? పో! రేపట్నించి ఆఫీసుకి రాబాక!"

మా వైపు 'రాబాక' అంటే రావద్దని. అందులో వేరే అర్థానికి చోటు లేదు. అక్క సిరాబుడ్డి కోసం వెతుకుతూ ఉండిపోయింది, నాకేసి చూడను కూడా లేదు. నేను కోటు మడిచి చంకన పెట్టుకుని ఇంటికి నడిచాను. దారిలో ఐసు లారీ ఒకటి నీళ్ళు కార్చుకుంటూ ఎదురొచ్చింది. నిజం చెప్తున్నాను, ఏడుపొచ్చింది.

సంగతి విని అమ్మ మామకి ఫోను చెయ్యబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. "అయితే ప్రార్థనలో పెడదాం" అంది. మా అమ్మ దృష్టిలో ఏ కేసుకైనా ఆఖరి అప్పీలు అక్కడే. మర్నాడు నా ఫోను ఇంట్లోనే పెట్టించి (చర్చిలో ఫోను మోగితే ఆమెకు తల కొట్టేసినట్టు ఉంటుంది) నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టింది. పాస్టరుగారు నన్ను లేచి నిలబడమన్నారు. ఎవరికీ తెలియకుండా ఉంటుందనుకున్న నా ఉద్యోగభంగం మైకులో మోగింది.

"ప్రభువా! ఈ బిడ్డ పోగొట్టుకున్న కొలువును మరల దయచేయుము తండ్రీ! మూయబడిన ద్వారమును తెరువుము తండ్రీ!"

సరిగ్గా అప్పుడే పక్క తలుపు కిర్రుమని తెరుచుకుంది. గుమ్మంలో అక్క. చెప్పులు బయట వదిలి, లోపలికి రావచ్చో లేదో తెలియక ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడి ఉంది. నేను కనపడేసరికి ఆ సందేహమంతా పోయింది.

"యాడికి పొయినావురా! ఫోనెత్తవేంది? అందరూ వచ్చేసినారు, సారు పిలుస్తా ఉండాడు, బిన్నా రా, ఆలస్యమైపోతా ఉండాది!"

వెంటనే "ఆమెన్!" అన్న కేక పైకప్పుకి తగిలింది. వెనక వరుసలో ఒక పెద్దావిడ స్తోత్రం చెబుతూ కళ్ళు తుడుచుకుంది. అమ్మ నన్ను తలుపు వైపు తోసింది. ఆ హల్లెలూయల మధ్య నుంచి నేను అక్క స్కూటీ వెనక ఎక్కి బయటపడ్డాను.

దారి పొడుగునా అక్క తిట్టింది. "రాబాకంటే రావడం మానేస్తావా? బుద్ధుండాదా నీకు? సారు రాబాక అన్నాడంటే పొద్దున్నే రమ్మని. ఆయన నాయన కూడా అంతేనంట. నన్నన్న రాబాకలన్నిటికీ ఇంట్లో కూర్చోనుంటే ఈపాటికి కోర్టు దారే మర్చిపొయ్యుండేదాన్ని!"

"మరి నిజంగా వద్దనుకుంటే ఏమంటారక్కా?"

అక్క స్కూటీ నెమ్మది చేసింది. "అప్పుడు అరవడు. కుర్చీ వేయించి కాఫీ తెప్పిస్తాడు. మీరు అంటాడు. 'మంచిదండీ, వెళ్ళి రండి' అంటాడు. ఆ మాట విన్నోడు మళ్ళా మన మెట్లెక్కింది లేదు."

సభలో కరపత్రాలు అప్పటికే పంచేశారు. అక్క పొద్దున్నుంచీ కూర్చుని ఆ వాక్యం మీద నల్లసిరా పూసిందట. సిరా పూసిన వాక్యాన్ని చదవకుండా వదిలే మనిషి నెల్లూరులో ఇంకా పుట్టలేదు. ఓనర్లు వేలితో గీకుతున్నారు. హార్బరు కూలీల సంఘం నాయకుడు (మేం ఎర్రకండువా అన్న అనేవాళ్ళం) కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని కూడబలుక్కుని చదివాడు. "యజమానుల... కొమ్ము... కాస్తూ... సారూ! మూడు తరాలకి మీ నోట నిజం వచ్చిందే!" హాలంతా ఘొల్లుమంది. సారు నాకేసి ఒక చూపు చూసి, మైకు వైపు చెయ్యి చూపించారు.

మైకు అందుకుని మొదలుపెట్టాను. రాబోయే మూటల్లో ఏమేమి ఉండవచ్చో చెప్పాను. ఇప్పుడున్న చట్టం ప్రకారమైనా సరే, కారణం చెప్పకుండా, సంజాయిషీ అడక్కుండా, నోటిమాట మీద మనిషిని పనిలోంచి తీసేస్తే అది కోర్టులో నిలవదన్నాను. ఓనర్లు ఆవులిస్తున్నారు. అప్పుడు నాలో ఏ దయ్యం దూరిందో గానీ, "ఉదాహరణకి, ఒక ఆఫీసులో ఒక కుర్రాణ్ణి శనివారం సాయంత్రం 'రేపట్నించి రాబాక' అన్నారనుకోండి" అనేశాను.

సారు చివాలున లేచారు. "అది తీసెయ్యడం కాదు! రాబాక అంటే మా ఆఫీసులో రమ్మని! మూడు తరాల ఆచారం!"

"ఆచారమంటే సరిపోద్దా సారూ, సాక్ష్యముండాదా?" అన్నాడు ఎర్రకండువా అన్న, లాయరు పాయింటు దొరికిన సంబరంలో.

వెనక నుంచి అక్క చెయ్యెత్తింది. "నేనుండా అన్నా సాక్ష్యం. వారానికోసారి నన్ను రాబాకంటాడు. ఈడనే ఉండా!"

హాలంతా నవ్విన నవ్వుకి పెద్దసారు మొదట మూతి బిగించారు. ఆ తర్వాత ఆయన భుజాలు కదిలాయి. చివరికి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అందరికంటే పెద్దగా ఆయనే నవ్వారు. ఆవులించే ఓనర్లు కూడా నిటారుగా కూర్చుని, మనిషిని పనిలోంచి తియ్యాలంటే ఏమేం చెయ్యాలో శ్రద్ధగా రాసుకున్నారు. మామ కూడా వాళ్ళలో ఉన్నాడు. పోతూ పోతూ నా భుజం తట్టి, "ఐసు ఫ్యాక్టరీకి నువ్వు పనికిరావులేరా" అన్నాడు. అంతటి ఆశీర్వాదం నాకు మళ్ళీ దొరకలేదు. పై ఆదివారం అమ్మ చర్చిలో సాక్ష్యం చెప్పింది. ఆమెన్ అనకముందే పిలుపు వచ్చిందని! (తను చూడని సభ సంగతులు కూడా చాలా చేర్చింది. క్రాస్ ఎగ్జామిన్ చేసే ధైర్యం నాకు లేదు.)

ఇప్పుడా నాలుగు మూటలూ నిజంగానే వచ్చేశాయి. ఓనర్లకి వాటి సంగతి చెప్పేది నేనే. డాక్టరు కదలొద్దన్నాడని సారు ఇంటిపట్టునే ఉంటున్నారు. సాయంత్రాలు నేను వెళ్ళి కొత్త నిబంధనలు చదివి వినిపిస్తాను, ఆయన ఉప్పులేని కూర మొహం పెట్టి వింటారు. మొన్న పనిలో పెట్టుకున్న ప్రతి మనిషికీ నియామక పత్రం ఇవ్వాలన్న భాగం చదివాను. సారు లోపలికి చూసి కాఫీ తెమ్మన్నారు. నేను తాగి లేస్తుంటే, మగతగా కళ్ళు మూసుకుని, "మంచిదండీ, వెళ్ళి రండి" అన్నారు.

ఆయన నన్ను మీరు అనడం అదే మొదటిసారి. నన్ను గుర్తుపట్టలేదా, లేక ఇక చాలనుకున్నారా? చెప్పులేసుకుంటుంటే వేళ్ళు సరిగ్గా దూరలేదు. ఎంత లేదన్నా ఆ మనిషి తిట్ల కిందే నేను లాయర్నయ్యాను. గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగి చూడాలో వద్దో తేల్చుకోలేక నిలబడ్డాను.

"రేయ్!" అని లోపలి నుంచి పిడుగు పడింది. "ఆ మిగిలింది యాడ పెట్టుకుని పోతా ఉండావు? రేపు మొత్తం తెచ్చి చదవకపోతే ఎల్లుండి నించి రాబాక!"

వీధిలో పోతున్నవాళ్ళు తిరిగి చూశారు. గేటు గొళ్ళెం వేస్తూ, ఈ నెరిసిన తలతో, మా అమ్మ కొడుకులాగా గట్టిగానే "ఆమెన్" అన్నాను.