అక్క తిట్టిన ముంగిస

పోయిన ఆదివారం మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నప్పుడు ఫోనులో ఒక నక్క వచ్చింది. ఐర్లాండులో ఉన్న నా మిత్రుడి ఇంటి వెనక, తడిసిన పచ్చగడ్డి మీద నిలబడి, చెవులు నిక్కించి, వంటింటి కిటికీ వైపు చూస్తూ ఉంది. ఆ కిటికీలోంచి వినబడుతున్న గొంతు మాత్రం మా పళ్ళిపట్టు పక్క పల్లెది. "ఏమే, నిన్న పెట్టింది చాల్లేదా నీకు, మళ్ళీ వొచ్చి నిలబడుకోనుండావు?" అని మా అక్క నిలదీస్తూ ఉంది. అక్క మాటలు ముందే ఫోనులో పంపితే, మా వాడు వాటిని కిటికీ దగ్గర పెట్టి వినిపిస్తాడు. నక్క ఆ మాటలకే వస్తుందో, మా వాడి భార్య పెట్టే కోడి ఎముకలకే వస్తుందో నాకు తెలియదు కానీ, నేను మాత్రం పెరుగన్నం చేతిలోనే ఎండిపోయేదాకా నవ్వాను.

మా చుట్టాలూ, నాతో పాటు ఫ్యాక్టరీలో పని చేసిన పాతవాళ్ళూ నేను పంపే ఇట్లాంటి జీవాల వీడియోలు చాలాకాలంగా చూస్తున్నారు. తిరువళ్ళూరులో నా ఇంటి వెనక ఒక చిన్న అడవే ఉందని, నేను జీవాలంటే ప్రాణం పెట్టే మనిషినని అనుకుంటున్నారు. పెళ్ళిళ్ళలో నన్ను పట్టుకుని ముంగిస బాగుందా అని అడిగేవాళ్ళున్నారు. నేను బాగుందనే చెప్పుకుంటూ వచ్చాను. ఆ మెప్పు నాది కాదు. అది ఎవరిదో చెప్పాలని, ఆమె నోరు నేనే కొన్నాళ్ళు ఎట్లా మూయించానో కూడా దాచకుండా చెప్పాలని ఇది రాస్తున్నాను.

మేము ముగ్గురం, అరవనాట తెలుగు మాట్లాడేవాళ్ళం. ఒకడిది పాండూరు, ఇంకొకడిది పళవేర్కాడు, నాది పళ్ళిపట్టు పక్క. ఇరవై దాటిన వయసులో తిరువళ్ళూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి చేరి, స్టేషనుకు దగ్గరలో ఒక ఇంటి వెనక భాగంలో ఒకే గదిలో ఉండేవాళ్ళం. గది తలుపు తీస్తే బట్టలుతికే బండ, మునగచెట్టు, చేదబావి. ఆ బండ కింద ఒక గోదురుకప్ప కాపురముండేది. మేము షిఫ్టు ముగించుకుని వచ్చేసరికి అది బయటికొచ్చి కూర్చుని, ఒక్క మాటా లేకుండా మమ్మల్ని పైకీ కిందికీ చూసేది. దానికి సూపర్‌వైజరని పేరు పెట్టాం. మా నిజమైన సూపర్‌వైజరు ఒకరోజు మమ్మల్ని చూడడానికి గదికొస్తే, ఆయన ఎదురుగానే పాండూరు వాడు నోరుజారి ఆ పేరుతో కప్పను పలకరించాడు. సముద్రం పక్కన పుట్టి పెద్ద పెద్ద పీతలను వట్టి చేతులతో పట్టే పళవేర్కాడు వాడికి ఆ కప్పంటే వణుకు. అది బండ మీదికెక్కితే వాడు ఆ రోజుకు స్నానం మానేసేవాడు.

హోటలు సాంబారు తిని తిని నోరు చచ్చిన ఆ రోజుల్లో మమ్మల్ని బతికించింది మా అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. వారానికోసారి చెనక్కాయల ఊరిబిండి పచ్చడి, నువ్వులపొడి, పులుసన్నం పెద్ద క్యారియరులో సర్ది పళ్ళిపట్టు నుంచి వచ్చే బస్సులో కండక్టరు చేతికిచ్చేది. నేను రైల్లో తిరుత్తణికి పోయి బస్టాండులో కాచుకుని తెచ్చేవాణ్ణి. తిరుత్తణి కొండ మీది కోతులు ఆ క్యారియరు వాసన పసిగట్టి నా వెంట పడిన రోజులున్నాయి. పని లేని రోజుల్లో ముగ్గురం కలిసి అక్క ఇంటికే పోయేవాళ్ళం. అక్కకు ఎదురుగా ఏది ఉంటే దానితో మాట్లాడడం అలవాటు. కోడిపెట్టనూ, దూడనూ, కాకినీ, కాలిన పెనాన్నీ, మా బావనూ, మమ్మల్నీ ఒకే గొంతుతో, ఒకే వరసలో తిట్టేది. తిట్లంటే చెవులు మూసుకునేవి కావు. మనిషి బాగోగులన్నీ అందులోనే ఉండేవి. పళవేర్కాడు వాడు సన్నబడ్డాడంటే, ఆ సన్నబడినందుకు ఒక తిట్టు, ఇంకో ముద్ద పెడుతూ ఇంకో తిట్టు. తల్లి దగ్గర కూడా తిట్లు తినని వాడు, అక్క దగ్గర తినడానికే వచ్చేవాడు.

తర్వాత అందరి జీవితాల్లాగే మావీ విడిపోయాయి. పాండూరు వాడు మలేషియాలో ఫ్యాక్టరీ పనికి పోయి అక్కడే నిలిచాడు. పళవేర్కాడు వాడి భార్య నర్సు. ఆమెకు ఐర్లాండులో ఉద్యోగం దొరికితే, వాడూ వెంట పోయాడు. నేను తిరువళ్ళూరులోనే ఉండిపోయాను. ఫోనుల పుణ్యమా అని మళ్ళీ ఒక గుంపు కట్టాక, ఒక ఆదివారం ఐర్లాండు వాడు తన ఇంటి వెనక నక్క వచ్చిందని పటం పంపాడు. పాండూరు వాడు ఊరుకుంటాడా, తన ఇంటి వెనక కాలవలోంచి మనిషంత ఉడుము లేచి వస్తున్న వీడియో పంపి, నీ నక్కను మా ఉడుము టిఫినుకు తింటుంది మామా అన్నాడు. అప్పటినుంచి అది మా ఆదివారం పందెమైపోయింది. మాకు భోజనాల వేళ, ఐర్లాండులో వాళ్ళు చర్చికి బయలుదేరే పొద్దు, మలేషియాలో సాయంత్రం టీ వేళ. ఎవరి ఇంటి వెనక తలుపు దగ్గర కనబడిన జీవాన్ని వాళ్ళే పంపాలి, పక్కింటిది చెల్లదు. ఒకడు టెంకాయ పీచులా గుండ్రంగా చుట్టుకునే బుల్లి ముళ్ళజంతువును పంపితే, ఇంకొకడు గుంపుగా ఈదుకుపోయే నీటిపిల్లులను పంపేవాడు.

నా ఇంటి వెనక ఏముంది? సిమెంటు. బండి నిలపడానికి, నీళ్ళ తొట్టికి, బట్టలారేసుకోవడానికి వీలుగా ఉంటుందని గోడ నుంచి గోడ దాకా పోయించాను. అప్పుడు అక్క వచ్చి చూసి, వాన నీళ్ళు యాడికి పోతాయిరా, కప్ప యాడ కూర్చుంటుందిరా అని అడిగితే, కప్పకు అద్దె గది చూస్తానులే అని వేళాకోళం చేశాను. ఆ సిమెంటు మీద వాలేవి పావురాలు మాత్రమే. నక్కకూ ఉడుముకూ ఎదురుగా పావురాన్ని పెట్టడానికి నాకు మొహం చెల్లలేదు. ఆ వారం అక్క ఊర్లో ఉన్నాను. పెరట్లో గడ్డివామి పక్కనుంచి ఒక ముంగిస వచ్చి, రెండు కాళ్ళ మీద లేచి నిలబడి, కోళ్ళ గంప వైపు దొరలా చూసింది. దాన్ని ఫోనులో పట్టి, మా ఇంటి వెనక అని రాసి పంపేశాను. ఇద్దరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు తలకెక్కాయి.

ఇక ప్రతి శనివారం తిరుత్తణి మీదుగా పళ్ళిపట్టు బస్సెక్కడం, అక్క పెరట్లో కాచుకోవడం, నెమళ్ళనూ జెముడుకాకినీ గుడ్లగూబనూ ఫోనులో పట్టుకుని తిరువళ్ళూరు పేరుతో పంపడం. తమ్ముడు ఇన్నాళ్ళకు వారం వారం వస్తున్నాడని అక్క మురిసిపోయేది. అయితే ఆమె నా వెనకే నిలబడి, అలవాటు ప్రకారం ఆ జీవాలతో మాట్లాడేది. ముంగిసను చూసి, "నిన్ననే గదా గుడ్డెత్తుకోని పోయినావు, ఈ పొద్దు గూడా వొచ్చినావే, సిగ్గులేదా నీకు? పిల్లలుండాయా ఇంట్లో?" అని విచారించేది. ఈ గొంతు వింటే వాళ్ళకు ఊరు తెలిసిపోతుందని నాకు భయం పట్టుకుంది. మొదట సైగ చేశాను. తర్వాత నోటి మీద వేలు పెట్టాను. ఒకరోజు నెమలి పురి విప్పిన క్షణాన ఆమె మాట్లాడితే, కాసేపు నోరు మూసుకోని ఉండలేవా అక్కా అని విసుక్కున్నాను.

 ఆమె చేతిలో చేట కింద పెట్టి, నెమ్మదిగా అడిగింది.

"నా మాట నీ స్నేహితులకు వినపడితే నీకు చిన్నతనంగా ఉండాదారా?"

అప్పుడే నిజం చెప్పి ఉండొచ్చు. నేనొక పిచ్చి అబద్ధమాడాను, అది బయటపడుతుందని భయం అంటే అయిపోయేది. ఒక ముంగిస కోసం అబద్ధమాడానని ఆమె ముందు ఒప్పుకోవడానికి నామోషీ అయ్యింది. అదేం లేదులే అని గొణిగి, ఫోను చూసుకున్నాను. ఆ గొణుగుడును ఆమె అవుననే అర్థం చేసుకుందని నాకు తెలుసు, తెలిసీ ఊరుకున్నాను. ఆ తర్వాత నేను పోతే అక్క పెరట్లోకి రావడం మానేసింది. అన్నం పెట్టేది, తిట్టకుండా పెట్టేది. చాలునా, ఇంకొంచెం వేయనా అని చుట్టాన్ని అడిగినట్టు అడిగేది. 

ఇటు ఆదివారం గుంపులోనూ ఏదో తేడా వచ్చింది. నీ వీడియోల్లో శబ్దం రావడం లేదేమని ఇద్దరూ మార్చి మార్చి అడిగేవాళ్ళు. ఎక్కడ అక్క మాట పడుతుందోనని నేనే శబ్దం తీసేసి పంపుతున్నానని చెప్పలేక, ఫోను పాతదైపోయిందని చెబితే, పాండూరు వాడు ఎవరో ఊరికొస్తుంటే కొత్త ఫోను కొని పంపించాడు. కొత్త ఫోనులోనూ నా నెమళ్ళు మూగగానే ఆడాయి.

అట్లా ఒక వానాకాలం గడిచాక, పళవేర్కాడు వాడు మేనకోడలి పెళ్ళికి వచ్చాడు. నా ఇంటికొస్తే సిమెంటు చూస్తాడే అని నేను సాకులు వెతుక్కుంటుంటే, వాడే ఫోను చేసి తిరుత్తణి బస్టాండుకు రమ్మన్నాడు. పోయేసరికి ఇద్దరికీ వేర్చెనక్కాయలు కొనుక్కుని, పళ్ళిపట్టు బస్సులో సీటు పట్టుకుని కూర్చున్నాడు. యాడికి పోతున్నామని అడిగాను.

"ముంగిసను చూడాలంటే ఈ బస్సే గదా ఎక్కాల," అన్నాడు, చెనక్కాయ ఒలుస్తూ.

 మొదటి వీడియోలోనే అక్క గొంతు వినబడిందట. ఎక్కడో దూరంగా, కోళ్ళ అరుపుల మధ్య, సన్నగా. అది విని పాండూరు వాడు మలేషియా నుంచి వాడికి వేరుగా ఫోను చేశాడట. ఇద్దరూ నవ్వుకుని, నాకు చెబితే నేను సిగ్గుపడి పంపడం మానేస్తానని గమ్మునుండిపోయారట. "ముంగిస యాడైనా దొరుకుతుంది మామా. అక్క తిట్లు యాడ దొరుకుతాయి? దానికి గదా ఆదివారం దాకా కాచుకోనుంటాం," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, శబ్దం ఆగిపోయినప్పటినుంచి అక్కకేమైనా అయ్యిందేమోనని ఇద్దరికీ నిద్ర పట్టలేదని, నన్ను అడగడానికి నోరు రాలేదని, అందుకే పెళ్ళికన్నా ముందు ఇటు వచ్చానని చెప్పాడు. ఊరొచ్చేదాకా నేను ఆ చెనక్కాయల పొట్టునే చూస్తూ కూర్చున్నాను.

మమ్మల్ని చూసి అక్క లేచి నిలబడింది. కొంగు సర్దుకుని, వాంగ, ఉక్కారుంగ, అంటే రండి, కూర్చోండి అని, అరవంలో మర్యాదలు మొదలుపెట్టింది. ఆమె చేతి ముద్దలు తిన్నవాడికి ఆ మర్యాద ఎట్లా తగిలిందో, వాడు నా వైపు ఒక్కసారి చూశాడు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. అక్కడే గుమ్మంలో నిలబడి, సిమెంటు నుంచి ముంగిస దాకా అంతా చెప్పేశాను. నీ మాట నాకెప్పుడూ చిన్నతనం కాదక్కా, నా ఇంటి వెనక ఏమీ లేకపోవడమే చిన్నతనమని చెప్పాను. చెబుతుంటే మా బావ తిన్నెమీద కూర్చుని విసనకర్ర ఆపేశాడు.

 అక్క మొదట పెదవుల్లో, ఆ తర్వాత భుజాల్లో, చివరికి ఒళ్ళంతా నవ్వింది. ముంగిస కోసం అబద్ధం చెప్పే మొగోణ్ణి ఇప్పుడే చూస్తా ఉండానని బావతో చెప్పి మళ్ళీ నవ్వింది. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుంటూ నన్ను తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్లు పెరుగన్నమంత చల్లగా నా కడుపులోకి దిగాయి. సందు చూసి మావాడు ఫోనులో నక్కను చూపించాడు. "ఇదేం నక్కరా, మన పక్కింటి ఈరయ్య కొట్టంలో బక్కకుక్క ఇట్లే ఉంటుంది. తిండి పెట్టరా దీనికి మీ ఊర్లో?" అంది. అది నక్కేనని వాడు ప్రమాణం చేసినా నమ్మలేదు, ఇప్పటికీ నమ్మదు. ఆ తిట్టును అక్కడికక్కడే ఫోనులో పట్టి మలేషియాకు పంపాం. పాండూరు వాడి దగ్గరనుంచి, మా ఉడుమును కూడా రెండు మాటలనమని అక్కకు చెప్పు మామా అని ఒక్కటే ముక్క వచ్చింది.

ఇప్పుడు పందెం గిందెం ఏమీ లేదు. మూడు దేశాల జీవాలనూ అక్కే విచారిస్తుంది. మా ఇంటి వెనక సిమెంటులో ఒక మూల పగలగొట్టించి కరివేపాకు నాటాను. కప్ప ఇంకా రాలేదు, ఉతికే బండ మాత్రం తెచ్చి పెట్టాను.

మొన్న కృత్తిక పండగకు అక్కా బావా తిరుత్తణి కొండకు పోతే, కోళ్ళను చూసుకోవడానికి నేనొక్కణ్ణే ఆ ఇంట్లో ఉన్నాను. పొద్దున ముంగిస వచ్చింది. కోళ్ళ గంప వైపు పోలేదు. రెండు కాళ్ళ మీద లేచి, వంటింటి తలుపు వైపు చూస్తూ నిలబడింది. ఆదివారానికి ఏదో ఒకటి పంపాలి కదా అని, ఫోను తెరిచి, గొంతు సవరించుకుని, అక్కలాగే తిట్టబోయాను. యాడికి పోతా ఉండావు అన్నంతవరకు వచ్చింది. ఆ తర్వాత ఏమనాలో నాకు తోచలేదు. ఎదురుగా ఉన్నదాన్ని దాని బిడ్డల దాకా విచారించి, కసిరి, కడుపు నింపి పంపే ఆ మాటలు మా ముగ్గురిలో ఒక్కరికీ అబ్బలేదు. మా పిల్లలకు వాటిని ఫోనులో వినడమే తెలుసు. ముంగిస నన్ను కాసేపు చూసింది. మళ్ళీ తలుపు వైపే తిరిగి, ఆమె వచ్చేదాకా ఉండేదానిలా ముందుకాళ్ళు దింపి కూర్చుంది. నేనూ తలుపు పక్కన చతికిలబడ్డాను.