నీళ్ల స్తంభం కింద ఫెర్న్ మొక్కలు

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో నన్ను పెనుకొండ స్టేషన్‌కి అసిస్టెంటు మాస్టరుగా వేశారు. బెంగుళూరులో పుట్టి పెరిగినవాణ్ణి. మీసం కంటే ముందు కోపం వచ్చింది నాకు. సైనికుల రైళ్లు ఎక్కువైపోయి, పక్క స్టేషన్లతో మాట్లాడే ఫోను పగలంతా నా చెవి దగ్గరే ఉండేది. అన్నం కూడా దాన్ని పట్టుకునే తింటానని మా స్టేషన్ మాస్టరు నవ్వేవాడు.

ఆయన ధర్మవరం మనిషి, రిటైరు కావడానికి దగ్గర్లో ఉన్నాడు. ఆ వేసవిలో పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. ఆ దొరకు స్టేషన్ తోటలంటే మోజు.

"హిందూపురంలో క్రోటన్లుండాయి. ధర్మవరంలో గులాబీలుండాయి. మనకేముండాదప్పా, కంకర తప్ప," అన్నాడు మాస్టరు. సర్వీసులో ఒక్కసారైనా తన స్టేషన్‌ను ఎవరైనా మెచ్చుకోవాలని ఆయన కోరిక. పని నా మీద పెట్టాడు.

పూల మొక్కలు వద్దనుకున్నాను. పువ్వు పూయకపోయినా ఏడాది పొడుగునా ఆకులతో పచ్చగా ఉండే ఫెర్న్‌లే పెడదామన్నాను. బెంగుళూరులో మా అమ్మ బట్టలుతికే బండ పక్కన వాటిని పెంచేది. సెలవుకు వెళ్లి బుట్టలో రెండు రకాలు తెచ్చాను. నల్లటి సన్నని కాడలుండే రకం చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది. ప్లాట్‌ఫారం మీద వడగాలి తగిలేసరికి దాని ఆకులు కాల్చిన కాగితంలా పొడైపోయాయి. ఊళ్లో పాత కోట గోడ సందుల్లో మొలిచే మయూరశిఖ కూడా ఫెర్నే కదా అని, రాళ్లతో సహా పెకలించుకొచ్చాను. అంత మొండి మొక్క ఇంకోటి లేదు. కానీ ఎండాకాలం అది పిడికిలిలా ముడుచుకుపోతుంది. వాన పడితేనే మళ్లీ విప్పుకుంటుంది. ఆఫీసరుకు ముడుచుకున్న మొక్కను చూపించి, వానాకాలం రండి అని చెప్పలేం కదా.

ఇక మిగిలింది బుట్టలో తెచ్చిన రెండోది, కత్తుల్లా పొడుగాటి ఆకులుండే రకం. ఎండ దానికి లెక్కలేదు, మొదలు తడిగా ఉంటే చాలు. మండు వేసవిలో మా స్టేషన్‌లో తడిగా ఉండే చోటు ఒక్కటే. ఇంజన్లకు నీళ్లు పోసే ఇనుప స్తంభం మొదలు. ఇంజను వెళ్లిపోయాక కూడా దాని గొట్టం నుంచి చాలాసేపు నీళ్లు కారేవి. పట్టాల అవతలి ఇళ్ల ఆడవాళ్లు అక్కడ వరసగా కుండలు పెట్టుకునేవాళ్లు. ఆ సంగతి నాకు తెలుసు. రోజూ చూసేవాణ్ణి. తెలిసే అక్కడ మొక్కలు నాటించి, చుట్టూ పట్టాల కింద వేసే పాత చెక్క స్లీపర్లు అడ్డం పెట్టించాను.

రెండు రోజులు వాళ్లు దూరంగా నిలబడి చూశారు. మూడో రోజు ఒక అవ్వను నా ఆఫీసు కిటికీ దగ్గరికి పంపించారు. ఆమె నడుం మీద ఖాళీ కుండ ఉంది.

"ఏమప్పా, మా బాయిలో ఉప్పునీళ్లు. నీ చెట్లను తొక్కము. కుండ పట్టేంత జాగా వదులు."

అప్పుడు ఫోనులో హిందూపురం స్టేషన్ అతనితో రైలు ఆలస్యం గురించి గొడవ పడుతున్నాను. ఆ కోపమంతా ఈమె మీదికి మళ్లింది.

"ఇవి రైల్వే నీళ్లు. మీ అబ్బ సొత్తు కాదు. పో."

ఆ మాట తననే అన్నాననుకుని ఫోనులో హిందూపురం అతను, "యాడికి పోవల్ల సామీ నేను?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను. నేనెందుకు నవ్వానో అవ్వకు ఎలా తెలుస్తుంది? ఆమె కుండ సర్దుకుని వెళ్లిపోయింది. కోపంలో అన్న మాటనైనా మర్చిపోతానేమో కానీ, ఆ నవ్వును మర్చిపోలేకుండా ఉన్నాను.

ఆఫీసరు వచ్చాడు. తన రైలుపెట్టె దిగి నేరుగా స్తంభం దగ్గరికి నడిచి, వంగి ఒక ఆకును పైకెత్తి చూశాడు. ఈ ఎండు నేలలో ఇంత పచ్చదనమా అన్నాడు. మనుషులూ పశువులూ తొక్కకుండా ఇనుప కంచె వేయించమని అక్కడికక్కడే ఆర్డరిచ్చాడు. ఆడవాళ్ల సంగతి చెప్దామని నోరు తెరిచాను. పక్కన మాస్టరు టోపీ చేతిలో పట్టుకుని చిన్నపిల్లాడిలా మెరిసిపోతున్నాడు. నోరు మూసుకున్నాను.

కంచె వచ్చాక ఒకరోజు అవ్వ బావి వైపు వెళుతూ అక్కడ ఆగింది. నేను దగ్గరికెళ్లాను.

"ఎండాకాలం దాటితే ఇవి పోతాయాప్పా?"

"పోవవ్వా. ఇవి ఎండేవి కావు."

"మంచి చెట్లే తెచ్చినావు," అంది.

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉండుంటే ఎదురు మాట్లాడేవాణ్ణి, నాకు అది అలవాటే.

ఆ సాయంత్రం నుంచి ఇంజను వెళ్లగానే కంచె లోపల గొట్టం కింద నేనే బకెట్టు పెట్టి, నిండాక తెచ్చి బయట ఉంచడం మొదలుపెట్టాను. పట్టుకుపొమ్మని గ్యాంగ్‌మన్‌తో కబురు కూడా పంపాను. ఎవరూ రాలేదు. పొద్దున్నకి నీళ్ల మీద బొగ్గు నుసి తేలుతుండేది. ఊరికే పారబోయడానికి మనసొప్పేది కాదు. కంచె మీది నుంచి వంగి, ఆ మొక్కలకే పోసేవాణ్ణి.